గ్లాడియోలస్ దుంపల్ని ఏటా కొనక్కర్లేదు

పూలయిపోగానే గ్లాడియోలస్ మొక్కల్ని పీకేసి, మళ్లీ సీజన్‌కి కొత్త దుంపలు కొనడం దండగ ఖర్చు. అనంతపురం ఎండల్లో కూడా వాటిని దాచుకోవచ్చు.

పూలు వాడగానే కాడను మాత్రం కోసేయండి. కింద నాలుగైదు ఆకులు తప్పకుండా ఉండాలి, వచ్చే ఏటి దుంప ఊరేది వాటితోనే. ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్లూ నీళ్లు పోయాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అవి పసుపు రంగుకు తిరుగుతాయి. అప్పుడు నీళ్లు ఆపేసి, మట్టి ఆరాక దుంపల్ని తవ్వి తీయండి. చలికాలంలో పూసినవాటికి ఈ పని మార్చిలో పడుతుంది.

మట్టి దులిపి, కాడను దుంప దగ్గరికి కత్తిరించి, రెండు మూడు వారాలు నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు, మన ఎండకు ఉడికిపోతాయి. ఆరాక అడుగున ముడుచుకుపోయిన పాత దుంప చేత్తోనే ఊడి వస్తుంది, దాన్ని పారేయండి. చుట్టూ ఉన్న పిల్ల దుంపల్ని మాత్రం విడిగా దాచండి, అవి పూతకు రావడానికి ఒకటి రెండేళ్లు పడుతుంది. తర్వాత పెద్దవాటినీ పిల్లవాటినీ వేర్వేరుగా ఎర్రగడ్డలు వచ్చే వల సంచుల్లో వేసి, ఇంట్లో చల్లగా గాలి ఆడే చోట వేలాడదీస్తే సెప్టెంబరు, అక్టోబరులో నాటుకోవచ్చు. రేకుల షెడ్డు పనికిరాదు.

తడి ఉండగానే సంచిలో వేసినా, ప్లాస్టిక్ కవర్లో కట్టినా బూజు పట్టి కుళ్లిపోతాయి. నొక్కితే మెత్తగా ఉన్నది ఒక్కటి కనిపించినా తీసి పారేయండి, పక్కవాటికి అంటుతుంది.