ఇంట్లో కొవిడ్ ర్యాపిడ్ పరీక్ష: ఫోన్ యాప్ సాయంతో ఎలా చేసుకోవాలి?

పుణేకు చెందిన మైల్యాబ్ సంస్థ తయారుచేసిన కోవిసెల్ఫ్ కిట్‌కు 2021 మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆమోదం తెలపడంతో, మన దేశంలో కొవిడ్ పరీక్షను ఎవరింట్లో వారే చేసుకునే వీలు మొదటిసారిగా కలిగింది. 250 రూపాయల ధరతో వచ్చిన ఆ కిట్‌ను వాడేవారంతా దానికి సంబంధించిన మొబైల్ యాప్‌ను కూడా దించుకోవాలని మండలి అప్పుడే చెప్పింది. యాప్ మనకు వరుస చూపిస్తుంది, సమయం లెక్కిస్తుంది, ఫలితం చూపే కార్డు ఫొటోను భద్రపరుస్తుంది. నమూనా తీయడం, చుక్కలు వేయడం మాత్రం మన చేతి పనే. అక్కడ పొరపాటు జరిగితే ఏ యాప్ కూడా దాన్ని సరిదిద్దలేదు.

ఈ పరీక్షను జ్వరం, దగ్గు వంటి లక్షణాలు ఉన్నవారు, పరీక్షలో కొవిడ్ తేలినవారితో దగ్గరగా మెలిగినవారు చేసుకోవాలన్నది 2021లో మండలి ఇచ్చిన సూచన. ఊరికే అనుమానం తీర్చుకోవడానికి ఎవరు పడితే వారు చేసుకోవద్దని కూడా అందులోనే ఉంది.

1. ముందు ఫోన్ పని ముగించండి. కిట్ పెట్టెపై ఉన్న గడువు తేదీని చూసి, ఆ కంపెనీ సూచించిన యాప్‌నే ప్లే స్టోర్ నుంచి గానీ, యాపిల్ స్టోర్ నుంచి గానీ తీసుకోండి. పేరు, వయసు, మొబైల్ నంబరు నమోదు చేసి, ఓటీపీ వచ్చి, లోపలికి వెళ్లగలిగిన తర్వాతే కార్డు ఉన్న కవరు చింపాలి. మా ఇంట్లో మొదటిసారి నేను తొందరపడి కవరు ముందు చింపేశాను. ఓటీపీ ఎంతకీ రాలేదు, బల్ల మీద కార్డు గాలికి ఆరుతూ ఉండిపోయింది. తేమ తగిలితే కార్డు పాడవుతుంది కనుకనే దాన్ని మూసిన కవరులో ఇస్తారు.

2. ఇంట్లో ఇద్దరు ముగ్గురు చేసుకుంటున్నట్లయితే యాప్‌లో ఒక్కొక్కరి వివరాలు విడివిడిగా నమోదు చేయండి. కార్డు అంచున పెన్నుతో పొడి అక్షరాలు రాసుకుంటే ఎవరిది ఏదో తారుమారు కాదు.

3. సబ్బుతో చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకున్నాక నమూనా తీయాలి. నా ఉద్దేశంలో ఫలితం నిలిచేదీ, చెడేదీ ఇక్కడే. దూది ఉన్న కొనను తాకకుండా పుల్లను పట్టుకుని, ముక్కు రంధ్రంలోకి 2 నుంచి 4 సెంటీమీటర్ల లోపలికి, లేదా అడ్డు తగిలేంతవరకు పోనిచ్చి, ముక్కు లోపలి గోడకు ఆనిస్తూ ఐదుసార్లు తిప్పండి. అదే పుల్లతో రెండో రంధ్రంలోనూ అలాగే చేయండి. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, తుమ్ము వస్తుంది. అందుకు భయపడి అంచున అలా రాసి తీసేస్తే నమూనా చాలదు, జబ్బు ఉన్నా లేదనే చూపవచ్చు. ఈ కొలతలు కోవిసెల్ఫ్ తరహా కిట్‌లవి; మీ కిట్ కాగితంలో వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

4. పుల్లను ద్రావణం ఉన్న గొట్టంలో ముంచి బాగా తిప్పి, గుర్తు ఉన్నచోట విరిచి, మూత బిగించి, ఆ మూత కొన నుంచి కార్డు గుంటలో రెండు చుక్కలు వేయండి. చుక్క పడిన వెంటనే యాప్‌లో టైమర్‌ను నొక్కాలి. కోవిసెల్ఫ్ కిట్‌లో ఫలితం 15 నిమిషాలకు చూడాలి. 20 నిమిషాలు దాటాక కనిపించేది దేన్నీ లెక్కలోకి తీసుకోకూడదు. యాప్ మోగినప్పుడు ఫోన్ మరో గదిలో ఉంటే ప్రయోజనం లేదు.

5. నమోదుకు వాడిన ఫోన్‌తోనే ఫొటో తీయండి. కార్డును తెల్ల కాగితంపై ఉంచి కిటికీ వెలుతురుకు జరిపి, సరిగ్గా పైనుంచి తీస్తే చాలు. ట్యూబ్‌లైట్ కింద నిలబడితే ఫోన్ నీడే కార్డుపై అడ్డంగా పడి, గీత ఉందో లేదో తెలియకుండా చేస్తుంది. ఫ్లాష్ వేస్తే కార్డు మెరిసి మసకగీత మాయమవుతుంది.

యాప్ చెప్పిన ఫలితాన్ని మీ కంటితోనూ సరిచూసుకోండి. కార్డుపై సి అక్షరం దగ్గరి గీత పరీక్ష సరిగా జరిగిందని, టి దగ్గరి గీత వైరస్ ఉందని చూపుతాయి. సి గీత ఒక్కటే ఉంటే నెగెటివ్. సి, టి రెండూ ఉంటే, టి ఎంత పలచగా ఉన్నా, పాజిటివ్. సి గీత లేకపోతే పరీక్ష చెల్లదు, కొత్త కిట్‌తో మళ్లీ చేయాలి. యాప్ నెగెటివ్ అన్నా కంటికి పలచని టి గీత కనిపిస్తుంటే నేనైతే కంటినే నమ్ముతాను.

పాజిటివ్ వస్తే మరో పరీక్ష అక్కర్లేదు. విడిగా ఉంటూ వైద్యుణ్ని సంప్రదించాలి. లక్షణాలు ఉండి నెగెటివ్ వచ్చినవారు ల్యాబ్‌లో చేసే ఆర్టీపీసీఆర్ పరీక్ష చేయించుకోవాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే ఫలితం కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. యాప్‌లో చేరిన వివరాలు మండలి పోర్టల్‌కు అనుసంధానమైన సర్వర్‌కు వెళ్తాయని, గోప్యంగా ఉంటాయని మండలి అప్పట్లో ప్రకటించింది. కాబట్టి కార్డు ఫొటోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టి ఆ గోప్యతను మనమే పోగొట్టుకోనవసరం లేదు.

వాడిన పుల్ల, గొట్టం, కార్డులను కిట్‌తో ఇచ్చిన సంచిలో వేసి మూతి బిగించి, కిట్ కాగితంలో చెప్పినట్లు పారవేసి, మళ్లీ చేతులు కడుక్కోండి. ఫోన్‌ను కూడా ఒకసారి తుడవండి. పుల్ల పట్టుకున్న చేత్తోనే టైమర్ నొక్కి ఉంటారు.