పగిలిన కుండ, పాత చీర, పొయ్యి బూడిద: పెరట్లో ఏది పనికొస్తుంది, ఏది రాదు

ఇంట్లో పాడైపోయినవన్నీ తెచ్చి పెరట్లో పెడితే అది పాత సామాన్ల కొట్టు అవుతుంది తప్ప తోట కాదు. మన ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్ వైపు ఎండలు ముదిరినప్పటి నుంచి రజ పండగ దాకా, అంటే జూన్ మధ్య వరకు, కూరపాదులకు అసలు కష్టం నీళ్లతోనే కాబట్టి ముందు నీళ్లు దాచే వస్తువులు చూసుకోండి.

అందులో మొదటిది మట్టికుండ. మూతి విరిగిందని మూలన పడేసిన కుండ ఉంటే, అడుగున చిల్లు ఉంటే సిమెంటుతో మూసి, మెడ వరకు నేలలో పాతి, చుట్టూ జానెడు దూరంలో మూడో నాలుగో వంగ మొక్కలు గానీ టమాటా నారు గానీ నాటండి. నీళ్లు నింపి పైన పాత కంచం మూయాలి, లేదంటే దోమలు గుడ్లు పెడతాయి. చుట్టూ మట్టి ఆరుతున్నకొద్దీ కుండ గోడలోంచి నీళ్లు ఊరి వేళ్లకు అందుతాయి. ఒక మెలిక ఉంది. నీళ్లు చల్లబడటం లేదని పక్కన పెట్టేసిన కుండ దీనికీ అంతగా పనికిరాదు. దాని సన్న రంధ్రాలు పూడిపోయి ఊట తగ్గబట్టే కదా చల్లదనం పోయింది! నింపి కాసేపాగి బయట చెయ్యి పెట్టి చూడండి, తడి తగిలితే పాతండి. పెయింటు వేసినవి వద్దే వద్దు.

కుండ లేకపోతే లీటరు ప్లాస్టిక్ సీసా. మూతకు వేడి సూదితో బెజ్జం చేసి, అడుగు కోసి, తలకిందులుగా గుచ్చడమే. బెజ్జం మట్టితో ఊరికే పూడుకుపోతుంది, గుడ్డ చుట్టినా అంతే, నన్నడిగితే కుండే నయం.

టమాటా కాడలు, బరబాటీ (బొబ్బర్లు), ఆనప తీగలు కట్టడానికి పాత నూలు చీర పేలికలు వాడండి, వదులుగా. ఇనప తీగ అయితే కాడ లావెక్కాక కోసేస్తుంది. చిరిగిన దోమతెర నారుమడి మీద కప్పితే కోళ్లూ పురుగులూ రెండూ ఆగుతాయి. బీర, ఆనప పాదుల మీద కప్పితే మాత్రం పూత రాగానే తీసేయాలి, తేనెటీగల్లాంటి పురుగులు రాకపోతే పిందె నిలవదు.

బియ్యం కడిగిన నీళ్లు అప్పటికప్పుడు పొయ్యొచ్చు (ఆవు ఉన్న ఇంట్లో కుడితికి పోగా మిగిలితే!). ఉప్పు వేసిన పఖాళ (చద్దన్నం) నీళ్లు వద్దు. కట్టెల పొయ్యి బూడిదలో పొటాష్ ఉంటుంది, ఆమ్ల గుణం ఉన్న ఎర్ర నేలకు మంచిదే, పాదుకు గుప్పెడు చాలు. యూరియాతో కలిపి వేయకండి, నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో పోతుంది. చెత్తలో ప్లాస్టిక్ కాల్చిన బూడిద అసలు ముట్టుకోవద్దు. పురుగుమందు డబ్బాలు, పాత పెయింటు డబ్బాలు ఎంత కడిగినా తినే మొక్కలకు పనికిరావు.

వేలాడదీసిన సీసాలు, డబ్బాలు ఉంటే అక్టోబరులో తుపాను కబురు వినగానే దించేయండి. 2018లో తిత్లీని చూసిన గజపతి జిల్లా వాళ్లకు ఆ గాలి సంగతి నేను చెప్పక్కర్లేదు.