సస్పెన్స్ కథ రాద్దాం - నాలుగో పాఠం: పాత్ర కంటే ముందు పాఠకుడు భయపడాలి

పోయిన పాఠంలో ‘మీకు బాగా తెలిసిన ఒక చోటు, రాత్రిపూట’ అని అభ్యాసం ఇచ్చాను. వచ్చినవాటిలో ఎక్కువ భాగం శ్మశానాలే. మిగిలినవి పాడుబడ్డ బంగళాలు. అమావాస్య, కుక్క ఏడుపు, కరెంటు పోవడం దాదాపు అన్నిట్లోనూ ఉన్నాయి. కావలి నుంచి రాసినా, కందుకూరు నుంచి రాసినా, కనిగిరి నుంచి రాసినా అదే చీకటి. అందుకని ఇవాళ చెప్పాలనుకున్న సంభాషణల సంగతి వచ్చే పాఠానికి జరిపాను. ఇది కుదరకుండా అక్కడికి వెళ్లి లాభం లేదు.

శ్మశానం అనగానే పాఠకుడు భయానికి సిద్ధపడిపోతాడు. రోజూ తిరిగే చోట ఒక్కటంటే ఒక్కటి మారితే మాత్రం అతని దగ్గర జవాబుండదు. 2021 నవంబరులో పెన్నా వరద కోవూరు వైపు ఇళ్లలోకి వచ్చింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక గోడల మీద మట్టి చార మిగులుతుందని వరద చూసిన ఎవరికైనా తెలుసు. ఆ చార మీద ఒక ఇల్లాలు సున్నం కొట్టించిందనుకోండి. మే నెల, ఏట్లో ఎటు చూసినా ఇసుకే. ఒకరోజు పొద్దున లేచేసరికి చార మళ్లీ కనపడింది, పాతదానికంటే జానెడు పైన. చెయ్యి పెడితే తడి. ఈ కథకి అమావాస్య అక్కర్లేదు.

ఇంకోటి. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) వచ్చి గూళ్లు పెడితే చుట్టుపక్కల ఊళ్లకి శుభం అంటారు. గూళ్లలో పిల్లలుండగానే పెద్ద పక్షులన్నీ ఒక్క రాత్రిలో లేచిపోయాయనుకోండి. పొద్దున టీకొట్టు దగ్గర ఎవరూ ఆ మాటెత్తలేదు. పక్షులు పోవడం కంటే ఎవరూ మాట్లాడకపోవడమే ఇక్కడ పని చేస్తుంది.

ఇప్పుడు నన్ను బాగా విసిగించే తప్పు దగ్గరికి వద్దాం. మీరు పంపినవాటి పోలికతోనే ఒక పేరా రాస్తున్నాను:

“రొయ్యల గుంటల గట్టు మీద భయంకరమైన నిశ్శబ్దం. శీనయ్య గుండె దడదడలాడింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఏదో జరగబోతోందని అతనికి అనిపించింది.”

నాలుగు వాక్యాల్లో పాత్ర భయమంతా పడేసింది, పాఠకుడికి ఏమీ మిగల్లేదు. ‘గుండె దడ, చెమట రాశాం కదా, అది చూపించడమే కదా’ అని కొందరు అడిగారు. కాదు. చెమట పట్టింది అంటే ‘భయపడ్డాడు’ అని చెప్పినట్టే, కాస్త చుట్టు తిరిగి చెప్పారంతే. దేన్ని చూసి చెమట పట్టిందో అది నాకు కనపడాలి. ‘భయంకరమైన’ అన్న మాట మీ అభిప్రాయం. ఇక ‘ఏదో’ సంగతి. ఏదో నీడ, ఏదో శబ్దం, ఏదో వాసన అని రాసిన ప్రతి చోటా అదేమిటో మీరే ఇంకా తేల్చుకోలేదని అర్థం. పాఠకుడికి చెప్పకపోయినా ఫర్వాలేదు, మీకు మాత్రం తెలిసి తీరాలి.

అదే గట్టు ఇంకోలా:

“వరసగా నాలుగు గుంటలు. శీనయ్య గుడిసె ఒకటో గుంట పక్కన. మూడున్నరప్పుడు అవతలి చివర నాలుగో గుంటలో నీళ్లు చిలికే ఏరేటర్ ఆగింది. ‘సచ్చాం రా నాయనా’ అని చెప్పులేసుకుని లేచాడు. నాలుగడుగులేశాడో లేదో అది మళ్లీ తిరిగింది. మూడోది ఆగింది. వైరు లూజయి ఉంటుంది, పొద్దున కరెంటు పని చేసే కుర్రోణ్ణి పిలవాలనుకున్నాడు. మూడోది తిరిగింది. రెండోది ఆగింది. పోనీలే, అన్నీ ఒకేసారి పోలేదు గదా అని వచ్చి మంచం మీద కూర్చుని బీడీ ముట్టించాడు. రెండోది తిరిగింది. ఒకటోది ఆగింది.”

శీనయ్యకి భయం లేదా అంటే ఉంది, రొయ్యల గురించి. చీకటి పడ్డాక నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా తనూ వాడుకుంటుంది. తెల్లవారుజాముకి అది బాగా తగ్గిపోతుంది. ఆ వేళ ఏరేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, పెట్టుబడి గంగపాలు. అతని టెన్షన్ అది. వరస లెక్కపెట్టింది పాఠకుడు. ఏదో వస్తోందని నేనెక్కడా అనలేదు. పాత్ర మామూలు దిగులుతో, మామూలు కారణాలు చెప్పుకుంటూ ఉన్నంతసేపూ పాఠకుడు ‘లేవరా, బయటికి రా’ అని లోపల అరుస్తూనే ఉంటాడు. పాత్రకి అర్థమైన క్షణం నుంచి ఆ బిగువు సడలిపోతుంది. అందుకే ఆ క్షణాన్ని ఎంత వెనక్కి నెట్టగలిగితే అంత మంచిది.

దృష్టికోణం గురించి కొత్తగా చెప్పేదేం లేదు, ఎవరి వెంట బయల్దేరారో వాళ్లని వదలకండి. వాక్యంలో అసలు మాట చివరికి రావాలి. ‘ఆగింది’ తర్వాత ఇంకో మాట పెట్టి చూడండి, చప్పబడిపోతుంది. ‘ఒక్కసారిగా’, ‘హఠాత్తుగా’ నేను తిరగరాసేటప్పుడు మొత్తం కొట్టేస్తాను. ఇంతవరకూ ఒక్క వాక్యం కూడా దానివల్ల పాడవలేదు.

నాకైతే రాత్రికంటే మిట్టమధ్యాహ్నం ఇష్టం. రోహిణి కార్తెలో కనిగిరి వీధి, తలుపులన్నీ మూసి ఉంటాయి, కాకి కూడా కనపడదు. అప్పుడు తలుపు కొట్టి మంచినీళ్లు అడిగినావిడ కాళ్లకి చెప్పుల్లేవు, పాదాలకి దుమ్మూ లేదు. రాత్రయితే ఆ పాదాలు కనపడేవే కావు.

అభ్యాసం: మూడొందల మాటలు. పగలే జరగాలి. చావు, దెయ్యం, రక్తం, చీకటి ఉండకూడదు. భయం అన్న మాట, దాని చుట్టాలు ఒక్కటీ రాకూడదు. చోటు మీ ఊళ్లోదే, అక్కడ పని చేసేవాళ్ల పనిముట్లు వాళ్లు పిలిచే పేర్లతోనే రావాలి. చీమకుర్తి క్వారీ అయినా, మార్కాపురం పలకల పని అయినా, ముందు వెళ్లి ఒక గంట కూర్చుని ఏ చప్పుడు తర్వాత ఏ చప్పుడు వస్తుందో రాసుకోండి. ఆ వరసలో ఒక్కటే మార్చండి. రాశాక అక్కడ పనిచేసే మనిషికే చదివి వినిపించండి. ‘భయమేసిందా’ అని అడగొద్దు. ఎక్కడ మిమ్మల్ని ఆపి ‘అదేంది, అట్టా కాదే’ అన్నారో ఆ వాక్యం కింద గీత గీసి పంపండి. ఎక్కడా ఆపకపోతే పంపొద్దు, మళ్లీ రాయండి.