మొక్క పాలిపోతోందా? ఎరువు వేసే ముందు బకెట్‌లో నీళ్లు చూడండి

నీళ్లు వృథా కాకూడదని వాషింగ్ మెషీన్ గొట్టాన్ని మిద్దె మీది కుండీలకు తిప్పుకున్న ఇళ్లు మా వీధిలో నాలుగైదు ఉన్నాయి. మొదలుపెట్టింది నేనే. కొన్ని నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత కరివేపాకు చిగుళ్లు పాలిపోయాయి. బలం చాల్లేదనుకుని యూరియా వేశాను, ఇంకా పాలిపోయింది. తప్పు రోజూ పోస్తున్న నీళ్లదని తెలిసేసరికి రెండు మల్లె పొదలు పోయాయి. ఆ నీళ్లలోని లవణాలతో ఉప్పు పట్టిన మట్టిలో ఎరువు వేయడమంటే ఇంకో పిడికెడు ఉప్పు వేయడమే. అందుకే ముందు లక్షణం చూడండి.

లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ

ఇది ఇనుము అందని లక్షణం. ఇనుము ముదురాకు నుంచి చిగురుకు కదలదు కాబట్టి లోటు ముందు లేత ఆకుల్లోనే కనిపిస్తుంది. (అడుగు ఆకులు ముందుగా పసుపెక్కితే అది చాలాసార్లు నత్రజని లోటు, దాని దారి వేరు.) మట్టిలో ఇనుము ఉంటుంది, కానీ మట్టి క్షారమైతే అది కరగదు, వేరుకు అందదు.

క్షారం ఎక్కడిది? బట్టల పొడిలో మురికి వదిలించే మందు కొంతే. మిగతాదాంట్లో పెద్ద వాటా చాకలి సోడా, సోడియం సల్ఫేట్ లాంటి లవణాలది. ఆ పొడి కలిపిన నీళ్ల పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 దాటితే క్షారం) 10 దాకా పోతుంది. పూర్వం చాకళ్లు బట్టలుతకడానికి చౌడు మట్టి తెచ్చుకునేవారు, అందులో ఉన్నదీ ఈ సోడానే. చౌడు నేలలో పంట ఎలా ఉంటుందో రైతుకు చెప్పక్కర్లేదు. మనం ఏరోజుకారోజు కుండీలో ఆ చౌడునే తయారు చేస్తున్నాం.

పరీక్షకు మీటరు అక్కర్లేదు. మెషీన్ వదిలిన నీళ్లు గ్లాసులో పట్టి చిటికెడు పసుపు వేయండి. కూర మరక పడ్డ చొక్కాకు సబ్బు రుద్దితే ఎర్రబడుతుంది చూశారా, అదే రంగు వస్తే ఆ నీళ్లు మొక్కకు పనికిరావు. పసుపు పసుపుగానే ఉంటే క్షారం భయం అంతగా లేదు.

చేయాల్సింది: మొదటి ఉతుకు నీళ్లు మోరీలోకి వదిలేయండి. చివరి జాడింపు నీళ్లు పసుపు పరీక్షలో నెగ్గితే వాడుకోవచ్చు, అదీ రోజు విడిచి రోజు మంచినీళ్లు పోస్తూ. బట్టలకు మెత్తదనం, వాసన ఇచ్చే ద్రవం ఆఖరి జాడింపులోనే కలుస్తుంది, అది వాడే ఇంట్లో ఆ నీళ్లూ వద్దు. పాలిపోయిన చిగుళ్లకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు సరిపోతుంది.

నీళ్లు కుండీలో నిలుస్తున్నాయి, మట్టి పైన పెచ్చు కట్టింది

ఇదీ ఆ సోడియం పనే. మట్టి రేణువులను గుత్తులుగా పట్టి ఉంచేది కాల్షియం. దాని చోట సోడియం చేరితే రేణువులు విడిపోయి, సందులు పూడి, తడిస్తే జిగురు, ఎండితే పెంకు అవుతుంది. నల్లరేగడి కలిపిన కుండీల్లో ఇది త్వరగా వస్తుంది.

మందు జిప్సం, అంటే కాల్షియం ఉన్న లవణం, పొలంలో కారుచౌడుకు (సోడియం పట్టిన నేలకు) వేసేదే. పన్నెండు అంగుళాల కుండీకి రెండు చెంచాలు పైమట్టిలో కలిపి, అడుగు చిల్లు నుంచి ధారగా కారేదాకా మంచినీళ్లు పోయాలి. మర్నాడు మళ్లీ. కాల్షియం లోపలికెళ్లి సోడియాన్ని తోస్తుంది, నీళ్లు దాన్ని బయటికి మోస్తాయి. నీళ్లు పోయకపోతే జిప్సం వేసీ లాభం లేదు. ఎరువుల కొట్లో అడగండి, బొమ్మలు చేసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కాదు. అది కుండీలోనే గట్టిపడుతుంది.

ఆకుల కొనలు మాడుతున్నాయి, కుండీ అంచున తెల్లటి పొర

ఆర్ఓ ఫిల్టరు వదిలే నీళ్లు పోస్తున్నారా? అందులో రసాయనం కలపరు, నిజమే. కానీ మీ నీటిలోని ఉప్పంతా అందులోకే చేరుతుంది. బోరు నీళ్ల టీడీఎస్ (లీటరులో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 600 అనుకోండి. ఒక లీటరు తాగడానికి వచ్చి మూడు లీటర్లు బయటికి పోతే, ఆ మూడింటిలో దాదాపు 800. రెండే లీటర్లు పోతే 900. సాగునీటికి 450 లోపు నిశ్చింత, 2000 దాటితే వద్దు, మధ్యలో మొక్కనుబట్టి. బీన్స్, ఉల్లి, క్యారట్, గులాబీ ఉప్పుకు ఓర్చవు. కొబ్బరి, బీట్‌రూట్ ఓర్చుకుంటాయి. ఫ్లోరైడ్ ఎక్కువున్న నల్లగొండ వైపు బోర్ల నీళ్లయితే స్పైడర్ ప్లాంట్, డ్రసీనా కొనలు ముందే మాడతాయి.

ఏసీ నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. ఆర్ఓ నీళ్లలో సగానికి సగం అవి కలిపితే చాలావరకు సమస్య తీరుతుంది. మట్టిలో ఇప్పటికే చేరిన ఉప్పుకు, కుండీ పరిమాణానికి రెండింతల మంచినీళ్లు మెల్లగా పోసి కడగండి. కింద పళ్లెం తీసేయండి, లేకపోతే కడిగిన ఉప్పును మొక్క తిరిగి పీల్చుకుంటుంది.

ఇంటికి వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే దాని ముందున్న కుళాయి నుంచే మొక్కలకు పట్టుకోండి. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది, మనకు కావలసిందానికి పూర్తిగా ఎదురు.

మట్టి తడిగానే ఉంది, మొక్క తల వాల్చింది

రెండు కారణాలు. ఉప్పెక్కువైతే నీళ్లున్నా వేరు లాగుకోలేదు. లేదా వేరు కుళ్లింది. మొక్కను కాస్త ఎత్తి వాసన చూడండి. కుళ్లు కంపు కొడితే నీళ్లు ఆపండి, కొట్టకపోతే పైన చెప్పినట్టు కడగండి. ఒకదాని వైద్యం ఇంకోదానికి చేస్తే మొక్క దక్కదు.

ఒకట్రెండు రోజుల్లోనే ఆకులు తెల్లబడటం, రాలడం

ఇది మెల్లగా చేరిన విషం కాదు, ఎవరో బకెట్ ఒంపారు. ఫినాయిల్ కలిపి ఇల్లు తుడిచిన నీళ్లు, బాత్రూం యాసిడ్, బ్లీచింగ్. పని మనిషిని కోప్పడే ముందు బకెట్ ఎక్కడ ఒంపాలో మీరు చెప్పారా, గుర్తు చేసుకోండి. వెంటనే ఆకులు కడిగి, పైన రెండంగుళాల మట్టి తీసేసి, బాగా నీళ్లు పారించండి. నల్ల ఫినాయిల్ అయితే మట్టంతా మార్చడమే మేలు. కుళాయి నీళ్లలో ఉండే క్లోరిన్‌ను మాత్రం అనుమానించకండి, అది మొక్కను చంపేంత ఉండదు.

ఏ నీళ్లని తేలకపోతే

రెండు గిన్నెల్లో గుడ్డ పరిచి ఇరవయ్యేసి మెంతులు వేయండి. ఒకదానికి మంచినీళ్లు, రెండోదానికి అనుమానమున్న నీళ్లు. నాలుగో రోజు మొలకల వేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. రెండో గిన్నెలో వేర్లు పొట్టిగా, కొనలు గోధుమ రంగులో ఉంటే దొంగ దొరికినట్టే.

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లకు ఏ పరీక్షా అక్కర్లేదు, నిలవ పెట్టకుండా పోసేయండి. అంట్లు తోమిన నీళ్లలో సబ్బుతో పాటు నూనె, ఉప్పు ఉంటాయి, కుండీకి వద్దు. పెరట్లో నేల మీదున్న అరటికి, మెట్టతామరకు పారించుకోవచ్చు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాలకు వాడిన నీళ్లేవీ పోయకండి.

మా కరివేపాకు కొత్త చిగుళ్లు ఆకుపచ్చగా రావడానికి నెలన్నర పట్టింది. పాత పసుపు ఆకులు మాత్రం అలాగే ఉండి రాలిపోయాయి. వాటిని చూసి మందు పట్టలేదనుకుని అన్నభేది మోతాదు పెంచకండి, ఆకులు నల్లగా మాడతాయి.