తిరుపతి, చిత్తూరు ప్రభుత్వ ఉద్యోగులకు: పదవీ విరమణకు ఏడాది ముందే చూసుకోవలసినవి

మీ ఉద్యోగ వివరాలన్నీ నమోదయ్యే సర్వీసు రిజిస్టరును మొదటి పేజీ నుంచి చదవండి. ధ్రువీకరణ లేని ఒక్క ఏడాది ఉన్నా పింఛను దస్త్రం వెనక్కి వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా, మీరు శ్రీకాళహస్తిలోనో మదనపల్లెలోనో చేసిన పాత సర్వీసుకు ఏ కార్యాలయం సంతకం చేయాలో ఇప్పుడే తేల్చుకోండి. చివరి నెలలో ఊళ్లు తిరగడం ఎవరి తరమూ కాదు.

పుట్టిన తేదీ ఒకటో తారీఖా? ముందు నెల చివరి రోజే మీ విరమణ. కాగితాలకు ఆ మేరకు గడువు తగ్గుతుంది.

వాడుకోకుండా మిగిలిన ఆర్జిత సెలవులో (ఈఎల్) 300 రోజులకే విరమణప్పుడు నగదు వస్తుంది. ఖాతా నిండినవారు పిల్లల పెళ్లికో, ఇంటి పనికో ముందే వాడుకోవడం మేలు. జనవరి, జూలైలలో జమయ్యేది పరిమితి దాటితే వృథా.

కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగాన్ని ముందే ఒకేసారి సొమ్ముగా తీసుకోవడం) దరఖాస్తును పింఛను కాగితాలతోనే ఇవ్వండి. విరమణ తర్వాత ఏడాది దాటితే వైద్య పరీక్ష తప్పదు.

ఆధార్, బ్యాంకు పుస్తకం, సర్వీసు రిజిస్టరులో జీవిత భాగస్వామి పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు తేడా ఉంటే కుటుంబ పింఛను దగ్గర చిక్కు వస్తుంది, అప్పుడు సరిచేయించడానికి మీరు ఉండరు.

ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉంటే బకాయి లేదన్న పత్రం కూడా అడగండి.