జీవకణంలో కాల్షియాన్ని ఫ్యూరా-2తో కొలవడం ఎలా

కణం బయట కాల్షియం అయాన్ల గాఢత 1 నుంచి 2 మిల్లీమోలార్ వరకు ఉంటే, విశ్రాంతిగా ఉన్న కణం లోపలి కణద్రవ్యంలో అది 100 నానోమోలార్ దగ్గరే ఉంటుంది. దాదాపు పది వేల రెట్ల ఈ తేడాను కణం నిరంతరం శక్తి వెచ్చించి కాపాడుకుంటుంది. హార్మోను వంటి సంకేతం తగలగానే లోపలి గాఢత క్షణాల్లో కొన్ని రెట్లు పెరిగి మళ్లీ తగ్గుతుంది. కణాన్ని చంపకుండా ఈ మార్పును చూడటానికి ప్రతిదీప్తి ప్రోబ్‌లు, అంటే ఒక తరంగదైర్ఘ్యపు కాంతి పడితే మరో తరంగదైర్ఘ్యంలో వెలిగే అణువులు, ఉపయోగపడతాయి. ఫ్యూరా-2 అలాంటిదే. అయితే మైక్రోస్కోపులో కనిపించే వెలుగును నేరుగా కాల్షియం కొలతగా తీసుకోకూడదు. ఆ వెలుగులోని మార్పు కాల్షియం వల్లనే వచ్చిందని పరీక్షించి తేల్చుకున్న తర్వాతే దానికి అంకె కట్టాలి. కింద చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం దీని కోసమే.

ముందుగా ప్రోబ్ నిర్మాణం తెలియాలి. కాల్షియాన్ని పట్టుకునే ఈజీటీఏ అణువులో రెండు చోట్ల బెంజీన్ వలయాలను చేర్చి రసాయన శాస్త్రవేత్త రోజర్ చెన్ 1980లో బాప్టా అనే కొత్త అణువును ప్రకటించారు. ఈజీటీఏ చుట్టూ ఉన్న పీహెచ్ కొద్దిగా మారినా కాల్షియాన్ని పట్టే బలం మారిపోతుంది. బాప్టాకు కణంలోని సాధారణ పీహెచ్ దగ్గర ఈ చిక్కు చాలా తక్కువ. కానీ ఇలాంటి అణువుల మీది కార్బాక్సిల్ సమూహాలు రుణావేశంతో ఉంటాయి కాబట్టి అవి కణత్వచాన్ని దాటలేవు. వాటిని ఎసిటాక్సీమిథైల్ ఎస్టర్లుగా, అంటే ఏఎం ఎస్టర్లుగా మార్చి కప్పేసే ఉపాయాన్ని ఆయనే 1981లో చూపారు. ఆవేశం పోయిన అణువు కణంలోకి జారుకుంటుంది. లోపలి ఎస్టరేజ్ ఎంజైములు ఆ ముసుగులను తెంచగానే ఆవేశం తిరిగి వచ్చి అణువు లోపలే చిక్కుకుపోతుంది. రసాయన శాస్త్రం జీవశాస్త్రానికి చేసిన ఉపకారాల్లో ఇంత సొగసైనవి తక్కువే. 1985లో వచ్చిన ఫ్యూరా-2 ఈ రెండు ఆలోచనల మీదే నిలబడింది. హరిత ప్రతిదీప్తి ప్రోటీన్‌పై చేసిన కృషికి ఒసాము షిమోమురా, మార్టిన్ చాల్ఫీలతో కలిసి 2008లో నోబెల్ అందుకున్న రసాయన శాస్త్రవేత్త కూడా ఈ చెన్‌యే.

ఫ్యూరా-2 ప్రత్యేకత దాని రెండు ఉత్తేజక తరంగదైర్ఘ్యాల్లో ఉంది. కాల్షియం పట్టుకున్నప్పుడు 340 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరిస్తే వెలుగు పెరుగుతుంది, 380తో ఉత్తేజపరిస్తే తగ్గుతుంది. వెలువడే కాంతిని మాత్రం రెండు సందర్భాల్లోనూ 510 నానోమీటర్ల దగ్గరే సేకరిస్తాం. 340 వెలుగును 380 వెలుగుతో భాగించి నిష్పత్తి తీస్తే కణం మందం, లోపలికి చేరిన ప్రోబ్ పరిమాణం వంటి తేడాలు చాలావరకు కొట్టుకుపోతాయి. ఫ్లువో-4 వంటి ఒకే తరంగదైర్ఘ్యపు ప్రోబ్‌లు కాన్‌ఫోకల్ మైక్రోస్కోపులోని 488 నానోమీటర్ల లేజర్‌కు అనువైనవే గానీ, గాఢతకు అంకె కావాలంటే ఫ్యూరా-2నే ఎంచుకోవడం మంచిది. ఒక షరతు ఉంది: మీ ఆబ్జెక్టివ్ కటకం 340 నానోమీటర్ల కాంతిని పోనివ్వాలి. సాధారణ గాజు కటకాలు చాలావరకు ఆపేస్తాయి కనుక కొనే ముందే కనుక్కోండి. కణాలను కూడా ప్లాస్టిక్ అడుగు మీద కాకుండా 0.17 మిల్లీమీటర్ల మందం గల గాజు కవర్‌స్లిప్ మీద పెంచాలి.

ఇక కణాల్లోకి ఎక్కించే పని. ఫ్యూరా-2 ఏఎం సాధారణంగా 50 మైక్రోగ్రాముల చిన్న సీసాల్లో దొరుకుతుంది. దాని అణుభారం దాదాపు 1002 కాబట్టి, ఒక సీసాలో డీఎంఎస్‌ఓ అనే ద్రావణి 50 మైక్రోలీటర్లు పోస్తే ఇంచుమించు 1 మిల్లీమోలార్ ద్రావణం అవుతుంది. ఆ డీఎంఎస్‌ఓలో నీటి చెమ్మ ఉండకూడదు. ఉంటే ఎస్టర్లు సీసాలోనే విచ్ఛిన్నమవుతాయి, అలా ముందే ముసుగు ఊడిన ప్రోబ్ కణంలోకి వెళ్లదు. ఈ ద్రావణం 2 మైక్రోలీటర్లకు ప్రోబ్ నీటిలో చెదరడానికి తోడ్పడే ప్లూరోనిక్ ఎఫ్-127 అనే సబ్బులాంటి పదార్థపు 20 శాతం ద్రావణం 1 మైక్రోలీటరు కలిపి, ఆ తర్వాత 1 మిల్లీలీటరు లవణ ద్రావణంలో వేసి బాగా కలపండి. ప్రోబ్ 2 మైక్రోమోలార్, ప్లూరోనిక్ 0.02 శాతం వస్తాయి. లవణ ద్రావణంలో సోడియం క్లోరైడ్ 140, పొటాషియం క్లోరైడ్ 5, కాల్షియం క్లోరైడ్ 1.5, మెగ్నీషియం క్లోరైడ్ 1, గ్లూకోజ్ 10, పీహెచ్‌ను నిలకడగా ఉంచే హెపీస్ 10 మిల్లీమోలార్ చొప్పున ఉండి, పీహెచ్ 7.4 ఉండాలి. సీరం వద్దు, ఎందుకంటే అందులోని ఎస్టరేజ్‌లు ప్రోబ్‌ను బయటే తెంచేస్తాయి. కణాలను పెంచే ద్రావణాల్లో పీహెచ్ సూచికగా కలిపే ఫినాల్ రెడ్ రంగు కూడా వద్దు.

గది ఉష్ణోగ్రత వద్ద, చీకటిలో 30 నిమిషాలు ఉంచి, కడిగి, మరో 30 నిమిషాలు ప్రోబ్ లేని ద్రావణంలో ఉంచండి. తొందరలో చాలామంది వదిలేసేది ఈ రెండో అరగంటనే. అన్ని ఎస్టర్లూ తెగని అణువు కాల్షియాన్ని గుర్తించకపోయినా వెలుగుతూనే ఉంటుంది, ఆ మేరకు నిష్పత్తి తప్పుదారి పడుతుంది. 37 డిగ్రీల వద్ద ఎక్కిస్తే పని త్వరగా అయినట్టు కనిపిస్తుంది గానీ, ప్రోబ్ మైటోకాండ్రియా, అంతర్జీవద్రవ్య జాలకం వంటి కణాంగాల్లోకి చేరే ప్రమాదం పెరుగుతుంది. కేంద్రకం చుట్టూ మచ్చలు మచ్చలుగా వెలుగు కనిపిస్తే అదే జరిగిందని అనుమానించాలి. కొద్దిపాటి డిజిటోనిన్‌తో కణత్వచానికి మాత్రమే రంధ్రాలు చేసి చూడండి: కణద్రవ్యంలోని ప్రోబ్ బయటికి పోతుంది, ఇంకా మిగిలిన వెలుగు కణాంగాల్లోనిది. మాక్రోఫేజ్‌ల వంటి రోగనిరోధక కణాలు ప్రోబ్‌ను బయటికి తోసేస్తుంటే, ఆ తోసివేతను అడ్డుకునే ప్రోబెనెసిడ్‌ను 1 నుంచి 2.5 మిల్లీమోలార్ చేర్చవచ్చు.

బొమ్మ మరింత ప్రకాశంగా రావాలని ప్రోబ్ పెంచడం నేను సమర్థించను. బయట కొన్ని మైక్రోమోలార్లే ఉన్నా, చిక్కుకుంటూ పోగుపడటం వల్ల కణంలో ప్రోబ్ గాఢత అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ప్రోబ్ తానే కాల్షియాన్ని పట్టుకునే పదార్థం కనుక, అతిగా చేరితే మనం కొలవాలనుకున్న ఉప్పెననే అణచివేస్తుంది. పైగా తెగిన ఒక్కో ఏఎం ఎస్టర్‌కు ఒక్కో ఫార్మాల్డిహైడ్ అణువు కణంలో విడుదలవుతుంది. కాంతి విషయంలోనూ ఇదే పొదుపు పాటించాలి. అతినీలలోహిత కాంతి కణానికి హాని చేస్తుంది, కాంతికి పాక్షికంగా వెలిసిన ఫ్యూరా-2 కాల్షియంతో నిమిత్తం లేకుండా వెలిగే పదార్థంగా మారుతుంది. దాన్ని నిష్పత్తి కూడా సరిచేయలేదు.

ప్రయోగశాలల్లో విరివిగా పెంచే హీలా అనే మానవ కణాలతో మొదలుపెట్టేవారు 100 మైక్రోమోలార్ హిస్టమిన్ ఇచ్చి చూడవచ్చు; అంతర్జీవద్రవ్య జాలకం నుంచి కాల్షియం విడుదలై నిష్పత్తి చటుక్కున పైకి లేస్తుంది. అంతకుముందు ఒకటి రెండు నిమిషాల స్థిరమైన మూలరేఖను నమోదు చేసుకోండి. ప్రోబ్ ఎక్కించని కణాలను అవే అమరికలతో చిత్రీకరించి, ఆ వెలుగును రెండు తరంగదైర్ఘ్యాల్లోనూ విడివిడిగా తీసివేసి, ఆ తర్వాతే భాగించాలి. 340 నానోమీటర్ల వద్ద కణంలో సహజంగా ఉండే ఎన్‌ఏడీహెచ్ అనే అణువు కూడా వెలుగుతుంది కాబట్టి ఈ తీసివేత తప్పనిసరి.

గాఢత కోసం అవే కణాల్లో, కణత్వచం గుండా కాల్షియాన్ని దాటించే అయోనోమైసిన్ వాడి, కాల్షియం లేకుండా ఈజీటీఏ ఉన్న ద్రావణంలో కనిష్ఠ నిష్పత్తినీ, కాల్షియం దండిగా ఉన్న ద్రావణంలో గరిష్ఠ నిష్పత్తినీ కొలవాలి. మీ నిష్పత్తిలోంచి కనిష్ఠాన్ని తీసివేసి, గరిష్ఠంలోంచి మీ నిష్పత్తిని తీసివేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వచ్చినదాన్ని వియోజన స్థిరాంకంతో, అంటే ప్రోబ్‌లో సగం కాల్షియాన్ని పట్టుకుని ఉండే గాఢతతో, గుణించి, కాల్షియం లేనప్పటి 380 వెలుగుకూ నిండుగా ఉన్నప్పటి 380 వెలుగుకూ గల నిష్పత్తితో మళ్లీ గుణిస్తే గాఢత వస్తుంది. ఆ స్థిరాంకం 37 డిగ్రీల వద్ద 224 నానోమోలార్, గది ఉష్ణోగ్రత వద్ద దాదాపు 140. కనిష్ఠ గరిష్ఠాలు దీపాన్ని, ఫిల్టర్లను, కెమెరాను బట్టి మారతాయి గనుక మరొకరి ప్రయోగశాల అంకెలను అరువు తెచ్చుకోవడం కుదరదు.

చివరి పరీక్ష జింకుకు సంబంధించినది. ఫ్యూరా-2 కాల్షియం కన్నా జింకును గట్టిగా పట్టుకుంటుంది. అందువల్ల నిష్పత్తి పెరిగిన స్థితిలో, జింకును బలంగా లాక్కుని కాల్షియాన్ని దాదాపుగా ముట్టని టీపెన్‌ను కలిపి చూడండి. పెరుగుదల నిలిచి ఉంటే దాన్ని కాల్షియంగా నమోదు చేసుకోవచ్చు, చప్పున పడిపోతే జింకును అనుమానించాలి. కనిష్ఠ గరిష్ఠాలు కొలవడం వీలుపడని ప్రయోగాల్లో నానోమోలార్ అంకెలు ఇవ్వకుండా 340, 380ల నిష్పత్తినే పటంలో చూపించి, ఉష్ణోగ్రత, ప్రోబ్ గాఢత, ఎక్కించిన సమయం దాని పక్కనే రాయండి.