పౌడర్ కోటింగ్ రంగు తేడా కొడుతోందా? ముందు మెరుపు చూడండి

"నేను చెప్పిన రంగు ఇది కాదండీ." పౌడర్ కోటింగ్ (లోహం మీద పొడి రంగును కరెంటు చార్జ్ ఇచ్చే గన్‌తో చల్లి, ఓవెన్‌లో కాల్చి పొరగా పట్టించడం) చేయించినవాళ్ల నోట నేను ఎక్కువగా వినే మాట ఇదే. తీరా వెళ్లి చూస్తే చాలాసార్లు రంగు అదే ఉంటుంది, తేడా వచ్చింది మెరుపులోనో, గరుకులోనో, చూసిన వెలుతురులోనో. కాబట్టి గొడవకి దిగేముందు కంటికి ఏం కనబడుతోందో దాన్నిబట్టి కారణం పట్టుకోండి.

రంగుల కార్డు మీద నిగనిగలాడే నలుపు, వచ్చింది వెలిసిన నలుపు

ఇది నాకే జరిగింది. రెయిలింగ్ ముక్కలకి ఆర్డర్ కాగితం మీద "రాల్ 9005" (రాల్ అనే రంగుల పట్టికలో ఒక నలుపు నంబరు) అని రాసి ఊరుకున్నా. సగం ముక్కలు ఒక చోట, హడావిడిలో మిగతా సగం ఇంకో చోట వేయించా. తెచ్చి పక్కపక్కన నిలబెడితే ఒకటి అద్దంలా ఉంది, ఇంకోటి బడిపిల్లల పలకలా ఉంది. వాళ్లిద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు, తప్పు నా కాగితంలో ఉంది. రాల్ నంబరు రంగు సంగతి మాత్రమే చెబుతుంది, అది గ్లాసీనా (నిగనిగలాడేది), సాటినా (సగం మెరుపు), మ్యాటా (మెరుపు లేనిది) అన్నది అందులో ఉండదు. మ్యాట్ పొర వెలుతురును అన్ని వైపులకీ చెదరగొడుతుంది, ఆ చెదిరిన వెలుతురు కొంత మన కంట్లో పడి నలుపు వెలిసినట్టు అనిపిస్తుంది.

కనిపెట్టడం తేలిక. మ్యాట్ ముక్క మీద వేలితో కాసిన్ని నీళ్లు రాయండి. తడి ఉన్నంత మేర నలుపు చిక్కబడి పక్కనున్న గ్లాసీ ముక్కతో దాదాపు కలిసిపోయిందంటే రంగు ఒకటే, మెరుపు వేరు. తడిసినా కలవలేదంటే అప్పుడు షేడ్‌నే అనుమానించాలి.

ఆర్డర్‌లో రంగు నంబరు పక్కన మెరుపు అంకె కూడా రాయించండి. దాన్ని మీటర్ పెట్టి 60 డిగ్రీల కోణంలో కొలుస్తారు, స్థూలంగా 30 లోపు మ్యాట్, 70 పైన గ్లాసీ, నడుమ ఉన్నది సాటిన్. పౌడర్ డబ్బా మీద కంపెనీ వేసే కోడ్ రాయగలిగితే ఇంకా నయం, మెరుపూ టెక్స్చరూ (గరుకు) అందులోనే తేలిపోతాయి. ఇప్పటికే తేడా వచ్చేసి ఉంటే, పాత పొర గట్టిగా పట్టి ఉన్నంతవరకు దాన్ని ఒలిచేయక్కర్లేదు. ఎమరీ పేపర్‌తో రుద్ది, శుభ్రంగా తుడిచి, మీదే ఇంకో పొర వేయొచ్చు.

షెడ్డులో కలిసింది, ఎండలోకి తేగానే విడిపోయింది

రెండు పౌడర్లలో వాడిన పిగ్మెంట్లు (రంగునిచ్చే పొడులు) వేరైతే ఒక దీపం కింద ఒకేలా కనబడి ఇంకో వెలుతురులో వేరుపడతాయి. బూడిద రంగుల్లో, లేత గోధుమ రంగుల్లో ఇది బాగా ఏడిపిస్తుంది. నమూనా రేకును ఆ వస్తువు చివరికి ఎక్కడ ఉంటుందో అక్కడికి తీసుకెళ్లి, అది నిలబడే తీరులోనే పట్టుకుని, పగలొకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూడండి. ఫోన్ తెర మీద చూసి రంగు ఖాయం చేసేవాళ్లకి నేను చెప్పేది ఏమీ లేదు. తర్వాత ఎప్పుడో కొత్త ముక్కలు కలపాల్సి వస్తే వాటిని పాతవాటి పక్కనే ఒకే వరసలో పెట్టకుండా మూల తిరిగే చోట పెట్టండి, అక్కడ వెలుతురు ఎటూ మారుతుంది కాబట్టి కన్ను అంతగా పట్టించుకోదు.

మెటాలిక్ రంగు మచ్చలు మచ్చలుగా, ఒక్కో ముక్క ఒక్కోలా

అసలు టెన్షన్ పెట్టేది ఇదే. మెటాలిక్ పౌడర్‌లో సన్నటి రేకు పొలుకులు ఉంటాయి. అవి పొర మీద ఎలా పడుకున్నాయన్నదాన్నిబట్టే మెరుపు. గన్ కోణం మారినా, వోల్టేజ్ మారినా, ముక్కను వేలాడదీసే కొక్కేనికి పాత కోటింగ్ పేరుకుని ఎర్తింగ్ సరిగ్గా అందకపోయినా పొలుకులు ఒకచోట గుమిగూడతాయి, ఒకచోట పలచబడతాయి. పైగా చౌకరకంలో పొలుకుల్ని పౌడర్‌లో ఊరికే కలిపేస్తారు, అందుకని గన్ లోంచి వచ్చేటప్పుడు రెండూ విడివిడిగా పోతాయి, కింద పడిన పౌడర్ ఎత్తి మళ్లీ వాడితే నిష్పత్తి మారిపోయి షేడ్ ఇంకా చెడుతుంది. బాండెడ్ రకంలో పొలుకు పౌడర్ రేణువుకి అతికి ఉంటుంది, ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

అడగాల్సినవి అడిగి చేయించుకోండి: బాండెడ్ పౌడర్, ఒకే బ్యాచ్, ఒకే బూత్ (పౌడర్ చల్లే గది), వీలైతే ఒకే రోజు, ముక్కలన్నీ ఒకే తీరున వేలాడదీయడం. కొంత తేడా అయినా తప్పదు, అందుకే ఒక్క నమూనా కాకుండా "ఇంత లేత వరకు సరే, ఇంత ముదురు వరకు సరే" అని రెండు నమూనాలు పెట్టుకుంటే రేపు వాదన ఉండదు. వచ్చే ఏడాది ఇంకో నాలుగు ముక్కలు కలుపుదాం అనుకునేవాళ్లు మాత్రం మెటాలిక్ జోలికి పోవద్దు, మామూలు రంగు తీసుకోండి.

వెల్డింగ్ మచ్చలు, గ్రైండింగ్ గీతలు తేలుతున్నాయి

పౌడర్ పొర మందం మామూలుగా 60 నుంచి 80 మైక్రాన్లు, అంటే ఇంచుమించు తలవెంట్రుక అంత. అది గుంటలు పూడ్చదు. ముదురు గ్లాసీ అయితే పూడ్చకపోగా ప్రతి సొట్టనీ చూపెడుతుంది. ముక్కను ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకోండి, దీపం ప్రతిబింబం వంకర్లు పోయిన ప్రతిచోటా ఒక సొట్ట ఉన్నట్టే. మామూలు పుట్టీతో పూడ్చి పంపితే ఓవెన్ వేడికి ఉబ్బి రాలుతుంది, ఆ వేడి తట్టుకునే లోహపు పుట్టీ కావాలి. అంత శ్రమ దేనికి అనుకుంటే ఫైన్ టెక్స్చర్ ఎంచుకోండి. చిన్నచిన్న లోపాలన్నీ ఆ గరుకులో కలిసిపోతాయి. ఒక్కటే షరతు, చేతులు, జిడ్డు తగిలే చోట మరీ ముతక టెక్స్చర్ వద్దు, ఆ సందుల్లో మట్టి ఇరుక్కుని గుడ్డతో తుడిస్తే గుడ్డే చిరుగుతుంది.

ముదురు మ్యాట్ మీద వేలిముద్రలు, రుద్దిన చోట మెరుపు

మ్యాట్ స్వభావమే అంత. గట్టిగా రుద్దేకొద్దీ అక్కడ నున్నబడి మెరుస్తుంది, ఆ మెరుపు ఇక పోదు. హ్యాండిళ్లకి సాటిన్ చాలు.

పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లో అంచుల దగ్గర లోహం తొంగిచూస్తోంది

ఈ రంగులకి కింద ఉన్నదాన్ని కప్పే శక్తి తక్కువ, వాడి అంచుల మీద పొర ఎలాగూ పలచబడుతుంది. కోటింగ్‌కి ముందే అంచులు గుండ్రంగా రుద్దించండి, కింద తెల్ల పొర వేయించండి. రంగు నిండుగా రావాలని ఒకే పొరను దట్టంగా దంచితే కమలా తొక్కలా గుంటలు గుంటలుగా వస్తుంది. విచిత్రమేమిటంటే మరీ పలచగా వేసినా అదే తొక్క.

తెలుపు పసుపు తిరిగింది

ఓవెన్‌లో ఎక్కువ ఉడికింది. చాలా పౌడర్లకి 180 నుంచి 200 డిగ్రీల దగ్గర 10, 15 నిమిషాలు చాలు, కాని ఆ లెక్క లోహం ఆ వేడికి చేరాక మొదలవుతుంది, ఓవెన్ గాలి వేడెక్కినప్పటి నుంచి కాదు. దళసరి గొట్టాలూ పలచటి రేకులూ ఒకే విడతలో పెడితే గొట్టం ఉడికేలోపు రేకు మాడుతుంది. మందాన్నిబట్టి విడతలు వేరు చేయమనండి.

ఆరుబయట పెట్టినది సున్నం పట్టినట్టు తెల్లబడింది

నల్ల గుడ్డతో రుద్దండి. గుడ్డకి పొడి అంటుకుంటే ఎండకి పైపొర క్షీణించి పొడిగా రాలుతోందన్నమాట. ఎపాక్సీ అనే రెసిన్‌తో చేసిన పౌడర్, ఎపాక్సీ కలిసిన హైబ్రిడ్ పౌడర్ రెండూ లోపలి వాడకానికి, ఎండలో అవి నిలవవు. బయటికి పాలిస్టర్ కావాలి, ముదురు ఎరుపు, నారింజ లాంటివైతే సూపర్ డ్యూరబుల్ పాలిస్టర్ అడగండి. క్వాలికోట్ అనే అంతర్జాతీయ కోటింగ్ నాణ్యతా ప్రమాణంలో క్లాస్ 1 పౌడర్లని ఫ్లోరిడా ఎండలో ఏడాది, క్లాస్ 2 వాటిని 3 ఏళ్లు ఉంచి చూస్తారు, తేడా అక్కడే తెలుస్తోందిగా. తెల్లబడింది పైపైనే అయితే పాలిష్ పెడితే కొన్నాళ్లు రంగు తిరిగొస్తుంది. అది ఎపాక్సీయే అయితే మాత్రం పాలిష్ మీద ఆశ పెట్టుకోకండి, రుద్దించి పాలిస్టర్ వేయించాల్సిందే. ఈసారి పౌడర్ డబ్బా లేబుల్‌ని బ్యాచ్ నంబరుతో సహా ఫోటో తీసి, ఆ విడతలోనే కోటింగ్ వేసిన ఒక చిన్న రేకు ముక్కను ఎండ తగలని చోట దాచిపెట్టుకోండి.